యాడికని అడగని ట్రిప్పు

నా నోటికి తాళం వెయ్యమని మా నాయన దేవసహాయం నా చిన్నప్పటి నుంచీ దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నాడు. చర్చిలో అందరూ వానల కోసం, పిల్లల పరీక్షల కోసం ప్రార్థన చేస్తుంటే ఆయన ఒక్కడు లేచి, "ప్రభువా, మా వాని నోటికి కాపలా పెట్టు తండ్రీ" అనేవాడు. ఇన్నేళ్లలో దేవుడు చెయ్యని పని ఈ మధ్య ఫోన్‌లో ఉండే ఒక ఆప్ చేసింది. నేను నిజంగానే నోరు మూసుకున్నాను. మూసుకున్న మొదటి రోజే నా కొంప మునిగింది.

నాది హిందూపురం. పేరు జయప్రకాష్. తెల్ల కారు ఒకటి నడుపుతాను. అది నా కారేనని ఊళ్లో చెప్పుకుంటాను, ఫైనాన్సు వాళ్లు వినకుండా. కార్లు బుక్ చేసుకునే ఆ ఆప్‌లో చేరిన రోజు ఆఫీసులో టై కట్టుకున్న కుర్రాడొకడు నా చెయ్యి పట్టుకుని ఊపి, "ఇకనుంచి మీరు డ్రైవర్ కాదు సర్, మా భాగస్వామి. మీకు మీరే బాస్" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి ఇంటిల్లిపాదికీ మైసూరుపాకు కొనుక్కుపోయాను. తర్వాత తెలిసింది, నాలాంటి దరిద్రపు బాస్ భూమ్మీద ఇంకొకడు ఉండడని. జ్వరమొస్తే సెలవివ్వడు. పండగొస్తే ఇంకో రెండు ట్రిప్పులు కొట్టమంటాడు. పోయి ఎవరికి చెప్పుకోను? వాడూ నేనే.

ఆ ఆప్‌లో ఒక తిరకాసు ఉంది. బుకింగ్ వచ్చినప్పుడు మనిషిని ఎక్కించుకునే చోటు చూపిస్తుంది గాని, దింపే చోటు చూపించదు. మనిషి బండెక్కి, ఓటీపీ చెప్పాకే అది బయటపడుతుంది. తాళి కట్టాక పెళ్లికూతురి ముఖం చూపించినట్టన్నమాట. అందుకే మా డ్రైవర్లందరికీ ఒకటే అలవాటు. బుకింగ్ రాగానే ఫోన్ చేసి, "సార్, యాడికి?" అంటాం.

మా వైపు గడప దాటుతున్న మనిషిని ఆ మాట అడగకూడదు. అడిగితే పోయే పని పోయినట్టే. ఇది నాకు తెలియక కాదు, పట్టింపు లేక. మా ఇంట్లో శకునాలు లేవు. పిల్లి ఎదురొస్తే మా నాయన దానికి కూడా "ప్రైజ్ ది లార్డ్" చెప్పి ముందుకు పోతాడు. ఊరంతా అలాగే పోతుందని నేను అనుకోవడమే నా తెలివి.

మొదటి దెబ్బ హిందూపురంలోనే తగిలింది. ఒకాయన తెల్లచొక్కా, చేతిలో ఫైలు, నుదుటిన బొట్టు పెట్టుకుని గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. నేను అద్దం దించి, "యాడికి సార్?" అన్నాను. ఆయన వేసుకున్న చెప్పు మళ్లీ విడిచాడు. "నీ నోరు పడిపోను! పదేండ్ల కేసు, ఈ పొద్దు తీర్పు. ఇప్పుడే అడగల్లనా?" అని తిట్టుకుంటూ లోపలికి పోయి, కాళ్లు కడుక్కుని, కూచుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాడు. పెనుకొండ కోర్టులో జడ్జిగారు సెలవట. కేసు వాయిదా పడింది. సాయంత్రానికి నా మీద ఫిర్యాదు పడింది.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా. అబ్బే. రెండోసారి నీలావతమ్మ అనే ఆవిడ, కూతురికి పెళ్లిమాటలు మాట్లాడ్డానికి పళ్లూ పూలూ సర్దుకుని మెట్లు దిగుతోంది. నా పాడు నోరు నాకన్నా ముందు పలికింది. ఆవిడ మెట్టు మీదే కూలబడింది. ఆ సంబంధం తప్పిపోయింది. ఆవిడ ఆప్‌లో ఏం రాసిందో ఏమో, దాన్ని ఆ ఆప్ ఏ భాషలోకి తిప్పి ఏ భాషలోంచి వెనక్కి తెచ్చిందో ఏమో, నాకు మాత్రం ఇలా వచ్చింది: "ప్రియమైన భాగస్వామి, మీ వలన కస్టమర్ భవిష్యత్తుకు ముప్పు కలిగినట్లు ఫిర్యాదు అందినది. ఇది మీ రెండవ హెచ్చరిక. మూడవ ఫిర్యాదు వచ్చినా, ఒప్పుకున్న ట్రిప్పును మీరు రద్దు చేసినా మీ ఐడీ శాశ్వతంగా మూసివేయబడును."

ఆ మెసేజ్ మా ఆవిడ ప్రమీలకు చదివి వినిపించాను. తను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"యాడికి అని ఎవురైనా అడుగుతారా? దూరమా అని అడగల్ల. నీకు ఆ మాత్రం కూడా తెల్దా?" అంది.

సరేనని మర్నాడు ఒక కస్టమర్‌ను, "దూరమా సార్?" అని మర్యాదగా అడిగాను. "ఏం? దూరమైతే రావా? క్యాన్సిల్ చేస్తావా? చెయ్యి చూస్తా" అని ఆయన బస్తీ మే సవాల్ అన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పనిచేసి బయటపడ్డాను.

ఐడీ పోతే నా గతి ఏమిటో కూడా చెప్పాలి. ప్రమీల తమ్ముడు ఆనంద్‌కు రైల్వేగేటు దగ్గర చికెన్ సెంటర్ ఉంది. కారు కొనకముందు వాడు నన్ను పనిలోకి పిలిచాడు. "ఒకరి కింద పని చేసే రకం కాదు బామ్మర్దీ నేను" అని మీసం మీద చెయ్యి వేసి, బంధువులందరి ముందూ అన్నాను. పైగా నాకు కోడిని కోయడం చేతకాదు. కత్తి పట్టగానే కళ్లు మూసుకుంటాను. కళ్లు మూసుకుని కత్తి పట్టే మనిషికి వేళ్లు ఎన్ని మిగులుతాయి? నా రెండో హెచ్చరిక సంగతి అక్క చెప్పగానే వాడు ఫోన్ చేసి, "బావా, నీ సైజు ఏప్రన్ ఒకటి తీసి పెట్టినా" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

అందుకే ఒట్టు వేసుకున్నాను. ఇక ఎవరినీ ఏమీ అడగను. ఓటీపీ కొట్టాలి, మ్యాప్ ఎటు చూపిస్తే అటు పోవాలి, దించాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అసలు నోరే లేకపోతే ఊరు ఇంకా మంచిదవుతుంది కదా అని నా లెక్క.

మర్నాడు పొద్దున్నే ఒకాయన్ను పెనుకొండలో దించాను. వెంటనే కొండకు ఆవలి పల్లె నుంచి బుకింగ్ వచ్చింది. బుక్ చేసింది లక్ష్మీకాంత్ అట. పోయి చూస్తే అక్కడ లక్ష్మీకాంత్ లేడు. గొర్రెల దొడ్డి పక్కన ఒక ముసలాయన, ముసలామె నిలబడి ఉన్నారు. ఆయన మారప్ప, ఆమె ఈరక్క. లక్ష్మీకాంత్ వాళ్ల మనమడు. బెంగళూరులో గార్మెంట్స్‌లో పని. అక్కడినుంచే వీళ్లకు కారు బుక్ చేసి, ఓటీపీ నాలుగంకెలు తాతకు నోటికి నేర్పించాడు.

ఈరక్క కొత్త చీర కట్టుకుని, సంచి చంకలో పెట్టుకుని, మారప్ప భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ వస్తోంది. సరిగ్గా అప్పుడే పక్కింటి హనుమంతమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చి, "ఏమక్కా, యాడికి పోతాండారు పొద్దున్నే?" అంది.

"నీ నోట్లో మన్ను పొయ్య! ఇప్పుడే అడగల్లనా నువ్వు?" అని ఈరక్క వెనక్కి తిరిగింది. లోపలికి పోయి, మంచం మీద కూచుని, నీళ్లు తాగి, కాసేపు ఆగి మళ్లీ బయల్దేరింది. ఆ కాసేపూ నేను స్టీరింగ్ పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాను. పోయినవారమైతే ఆ చీపురామె స్థానంలో నేనుండేవాణ్ణి. అప్పటికి నా భుజం నేనే తట్టుకున్నాను.

మారప్ప ఓటీపీ చెప్పాడు. తెర మీద గమ్యం పడింది: ధర్మవరం రైల్వే స్టేషన్. మామూలుగా అయితే, "ధర్మవరం స్టేషనే గదా తాతా?" అని ఒక్క మాట అనేవాణ్ణి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుటక వేసి మింగేశాను.

బండి ఇంకా హైవే ఎక్కలేదు, ఆప్ మళ్లీ మోగింది. నేను ధర్మవరం పోతున్నానని దానికి తెలుసు కాబట్టి, అక్కడినుంచి తొమ్మిదిన్నరకు ఇంకో ట్రిప్పు ఇచ్చింది. చందన అనే అమ్మాయి, ధర్మవరం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు. అంత పొడుగు ట్రిప్పు నాకు తగిలి నెలయింది. రొట్టె విరిగి నేతిలో పడిందనుకుని కళ్లకద్దుకుని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక వదిలేస్తే ఏమవుతుందో తెలుసు కదా. ఏప్రన్.

దారిలో ఈరక్క గొర్రెల గురించి చెప్పింది, వానల గురించి చెప్పింది, కోడలి చేతి రాగిముద్ద రాయిలా ఉంటుందని చెప్పింది. పోతున్న చోటు మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

"ఈ అబ్బి చూడు, ఎంత పద్ధతిగా ఉండాడో. ఒక్క మాటన్నా అడగల్యా. పెద్దింటి బిడ్డ" అంది మారప్పతో.

నాకు ఒళ్లు పులకరించింది. నన్ను పద్ధతి గలవాడని అన్న మొదటి మనిషి ఆమె. మా నాయన కూడా ఎప్పుడూ అనలేదు.

"నువ్వు ఏ దేవునికి మొక్కుకుంటావప్పా?" అని అడిగింది.

"మేము చర్చికి పోతామవ్వా."

"ఏ దేవుడైతే ఏముండాదిలే. ఈ పొద్దు నా తరఫున కూడా ఒక మాట అడుగు."

"ఏమని అడగల్లవ్వా?"

"అది చెప్పకూడదప్పా, పనైనంత వరకూ" అంది.

అద్దంలో చూస్తే మారప్ప మాటిమాటికీ వెనక్కి తిరిగి పెనుకొండ కొండను చూస్తున్నాడు. ముసలాయనకు మెడ పట్టేసిందేమో, పాపం, అనుకున్నాను. నా బుర్ర అంతవరకే పోయింది.

ధర్మవరం చేరాం. పట్టుచీరల బోర్డులన్నీ దాటుకుని స్టేషన్ ముందు బండి ఆపాను. "మీరు గమ్యస్థానం చేరుకున్నారు" అంది ఫోన్‌లో ఆడగొంతు. టైం తొమ్మిది దాటింది. ఇద్దరినీ దింపి, ఒక టీ తాగి, చందన ఇంటి ముందు టైంకు నిలబడవచ్చు. "దిగండవ్వా, వచ్చేసినాం" అన్నాను.

ఈరక్క దిగలేదు. తల పైకెత్తి, ముక్కుతో గాలి పీల్చింది.

"ఇదేం బుక్కపట్నమప్పా? చెరువు గాలే లేదే. రైలు కూత ఇనబడతాండాదే."

నా గుండె జారి బ్రేకు మీద పడింది.

"బుక్కపట్నమా? ఇది ధర్మవరమవ్వా."

"అయ్యో, ధర్మవరమా! బస్సు పదికే పోతాదంట కదప్పా!"

అప్పుడు బయటపడింది సంగతి. బుక్కపట్నంలో కంటి శిబిరం పెట్టి, ఆపరేషన్‌కు పేర్లు రాసుకున్నారు. ఆ పేర్లున్న వాళ్లను ఈ పొద్దు పదింటికి బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోతారు. ఈరక్కకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి పొర. మనమడు లక్ష్మీకాంత్ పోయిన నెల ఊరికి వచ్చి, ధర్మవరంలో రైలెక్కి బెంగళూరు పోయాడు. ఆప్‌లో ఆ పాత చోటు అలాగే ఉంటే, తొందరలో దాన్నే నొక్కినట్టున్నాడు.

నాకు తిక్క రేగింది. మారప్ప మీదికి ఎగిరాను.

"తాతా, ఇది బుక్కపట్నం దోవ కాదని నీకు తెల్దా?"

"తెల్సప్పా. కొండ ఎనకకు పోయినప్పుడే తెల్సె."

"తెల్సీ గమ్మునుంటివా?"

"ఆటోవాళ్లు ఊరంతా తిప్పి జనాన్ని ఎక్కించుకుంటారు గదా, నువ్వూ ఎవురినో ఎక్కించుకునే దానికి పోతాండావనుకుంటి. ఇంగ నోరు తెరిచి ఫలానా ఊరికి పోవల్లని చెప్తే ఈయమ్మి నన్ను బతకనిస్తాదా? నువ్వన్నా అడగల్ల గదప్పా?"

నేనన్నా అడగాల్సింది. నా జన్మలో అడగాల్సిన ఒకే ఒక్కసారి నేను అడగలేదు. రోజూ అందరినీ అడిగి చెప్పుదెబ్బలు తిన్న వెధవను, ఈ రోజు అడగకుండా ఒక ముసలామె కంటికే ఎసరు పెట్టాను. ముగ్గురం ఒకే కారులో కూచుని, ఎక్కడికి పోతున్నామో ఒకరికొకరు చెప్పుకోకుండా ఇంత దూరం వచ్చాం. గొర్రెలకు కూడా ఇంతకన్నా తెలివి ఉంటుంది.

లక్ష్మీకాంత్‌కు ఫోన్ కొట్టాను. స్విచ్ఛాఫ్. గార్మెంట్స్ ఫ్యాక్టరీ లోపలికి పోయేటప్పుడు గేటు దగ్గరే ఫోన్లు తీసి పెట్టుకుంటారట. గమ్యం మార్చాలంటే బుక్ చేసినవాడే మార్చాలి. స్టేషన్ ముందున్న ఆటోల దగ్గరికి పరిగెత్తాను.

"బుక్కపట్నమా? పదింటికా?" అని ఒకడు నవ్వాడు. "హెలికాప్టర్ చూసుకోన్నా."

నేను మంచివాణ్ణని మీరు అనుకోవద్దు. అప్పటికీ నేను చందన ట్రిప్పు గురించే ఆలోచిస్తున్నాను. వెనక్కి వచ్చి, వీలైనంత మెత్తగా, "అవ్వా, ఈ సారి తప్పితే ఏం, మళ్లీ శిబిరం పెడతారు గదా, అప్పుడు పోవచ్చు" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే ఆ ఆప్ గొంతులా వినిపించింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్లయితే నాకు అలవాటే. తిట్టలేదు.

"పోవచ్చులేప్పా. నీ తప్పేముండాది. మళ్లా ఎప్పుడు పెడతారో, అప్పటికి ఈ కన్నన్నా ఉంటాదో ఉండదో. ఇప్పుడే గొర్రెపిల్ల ఏదో కుక్కపిల్ల ఏదో అగపడల్యా" అని మొగుడి వైపు తిరిగింది. "పా, బస్సెక్కి ఇంటికి పోదాం."

దిగడానికి తలుపు వెతుక్కుంది. పిడి దొరకలేదు. ఆమె చెయ్యి అద్దాన్ని తడిమింది, సీటును తడిమింది, మళ్లీ అద్దాన్ని తడిమింది. పిడి చేతికి జానెడు దూరంలో ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, అది మా ఇంటి జబ్బు.

"దిగొద్దు! కూచోవ్వా గమ్మున!" అని అరిచాను. "తాతా, తలుపెయ్యి!"

అప్పుడే చందన ఫోన్. "హలో, బయల్దేరారా? నా లగేజ్ అంతా బయట పెట్టాను. ఫ్లైట్ మిస్సయితే నా ఇంటర్వ్యూ పోతుంది, ప్లీజ్."

ఆ పిల్లకూ ఒక బతుకుంది మరి. "ఇప్పుడే ఇంకో కారు చూసుకోమ్మా, నేను రాలేను, తప్పు నాదే" అన్నాను. ఆమె తిట్టిన తిట్లన్నీ నాకు రావలసినవే.

ట్రిప్పు రద్దు నొక్కితే ఆప్ కారణం అడిగింది. బతికిపోదామని 'బండి చెడిపోయింది' నొక్కాను. చెడిపోయిన బండి ఫోటో పెట్టమంది. నడుస్తున్న బండిని చెడిపోయినట్టు ఎలా తీయడం? నన్ను తీసి పెడదామా అనుకున్నాను, చెడిపోయింది నేనే కాబట్టి. చివరికి 'ఇతర కారణాలు' నొక్కి, ఫోన్ డాష్‌బోర్డ్ మీద బోర్లా పడేసి, బుక్కపట్నం పోయే కొత్తచెరువు రోడ్డు పట్టాను.

ఎట్లా తోలానో నాకే తెలియదు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మారప్ప తల టాపుకు తగులుతోంది. దారిలో రోడ్డు నిండా గొర్రెల మంద. హారన్ కొట్టినకొద్దీ అవి నా కారు చుట్టూ మూగాయి. నేను మంద కాపరిని నానా మాటలూ అంటుంటే మారప్ప దిగి, నాలుక మడిచి ఒక విచిత్రమైన కూత వేశాడు. మంద మొత్తం తలలొంచుకుని పక్కకు జరిగింది. నా జీవితంలో నా మాట ఎవరూ అలా వినలేదు.

"మందకు తిట్లు అర్థం కావప్పా" అన్నాడు ఎక్కుతూ.

బుక్కపట్నం చెరువు కట్ట కనబడింది. అద్దం దించాను. ఈరక్క ముఖానికి గాలి తగిలి, "ఆ, ఇదే" అంది. శిబిరం పెట్టిన బడి ముందు బస్సు అప్పటికే కదిలి రోడ్డెక్కుతోంది. బస్సు డ్రైవరుకు ఎదురుగా, రోడ్డుకు అడ్డంగా కారు పెట్టేశాను. ఆయన తల బయటికి పెట్టి, "కండ్లు కనబడలేదా నీకు?" అని అరిచాడు. "నాక్కాదన్నా, ఈమెకు!" అని నేనూ అరిచాను. బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. నర్సమ్మ కాగితం చూసి, "ఈరక్కనా? పిలిచి పిలిచి గొంతు పోయింది. ఎక్కు, ఎక్కు బిన్నా, లేటయిపాయ" అని చెయ్యి పట్టి లాక్కుంది.

మెట్టు మీద నిలబడి ఈరక్క వెనక్కి తిరిగింది. నేను ఉన్న వైపు కాదు, కరెంటు స్తంభం వైపు.

"అబ్బీ, కన్నొచ్చినాంక నిన్ను చూడల్ల. ఇంటికి పోయేటప్పుడు కూడా నిన్నే పంపమని మావాడికి చెప్తా."

"సరే అవ్వా" అన్నాను. పంపడానికి నేను ఆ ఆప్‌లో ఉండనని ఆమెకు ఏం చెప్పను? స్తంభం చెప్పిందనుకుందో ఏమో, దానికే చెయ్యి ఊపింది. ఆమె వెనకే మారప్ప కూడా ఎక్కాడు, బస్సు పోయింది.

ఫోన్ తిప్పి చూశాను. అనుకున్నదే. "మీ ఐడీ శాశ్వతంగా మూసివేయబడినది." కింద ఒక నంబర్ ఉంది, సందేహాలుంటే అడగమని. చెరువు కట్ట పక్కన బండి ఆపుకుని ఫోన్ కొట్టాను. చాలాసేపు పాట విన్నాక ఒక ఆడపిల్ల ఎత్తింది. వార్తలు చదివినంత శుభ్రమైన తెలుగు.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము సర్. మీ సమస్య వివరించండి."

వివరించాను. కోర్టు కేసాయన దగ్గర మొదలుపెట్టి ఈరక్క కన్ను దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆ రోజంతా బిగపట్టిన నోరు, కట్ట తెగినట్టు పారింది. మధ్యలో నాలుగైదు బూతులు కూడా వచ్చాయి.

"మీ ఆవేదన అర్థమైంది సర్. నిబంధనల ప్రకారం మీ ఐడీ తిరిగి తెరవబడదు. మీకు ఇంకేమైనా సహాయం చేయగలనా సర్?"

"ఇంకేమైనానా? ఇంతవరకూ నువ్వు చేసిందేముండాదమ్మా, ఇంకేమైనా అనేదానికి? సిగ్గుండాదా మీకు?"

ఆ పిల్ల గొంతు తగ్గింది. అదే గొంతు, మాట మాత్రం వేరు.

"అన్నా, మాది ధర్మవరం పక్కన తాడిమర్రి. మా అవ్వకూ అట్లే కండ్లు అగపడవు. నాకు అర్థం కాకేం కాదన్నా. నేను ఎంత రాసి పంపినా పైన ఎవురూ చూడరు. ఐడీలు మూసేది మనిషి కాదు, మిషను."

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసుకున్నాను.

"మీ విలువైన సమయానికి ధన్యవాదాలు సర్" అని గట్టిగా అంది, పక్కన ఎవరో వచ్చినట్టు. "ఈ కాల్ తర్వాత మీకు ఒక మెసేజ్ వస్తుంది. మా సేవకు దయచేసి రేటింగ్..." ఆగింది. మళ్లీ గొంతు తగ్గించి గబగబా చెప్పేసింది. "ఐదు చుక్కలు నొక్కన్నా. నీకు పుణ్యముంటాది. నాకూ రెండు హెచ్చరికలైపోయినాయి."

కాల్ కట్టయింది. మెసేజ్ వచ్చింది.

మనిషిని పనిలోంచి తీసేసి, బాగానే తీసేశామా అని ఆ మనిషినే అడిగే ధైర్యం వీళ్లకు తప్ప ఇంకెవరికీ ఉండదు. ఆ ఐదు చుక్కలూ నా వేలి కింద ఉన్నాయి. ఇన్ని రోజులూ నన్ను ఆడించినవాళ్ల మీద ఒక్కటంటే ఒక్క చుక్క నొక్కే అవకాశం నా చేతికి ఇప్పుడు వచ్చింది. కానీ నొక్కితే అది తగిలేది వాళ్లకు కాదు. ఆ పిల్లకు.

ఆ ఆప్‌ను కన్నవాళ్లనూ, నన్నూ కలిపి తిట్టుకుంటూ ఐదు నొక్కాను. అప్పటికీ అది ఊరుకోలేదు. ఇంకో ప్రశ్న వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైనదా?" అయిందంటేనే ఆ ఐదు లెక్కలోకి వస్తుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

అయిందని నొక్కాను.